ఘాట్ రోడ్డు మీద ఇద్దరు మిత్రులు, రెండు బళ్లు: గుంటూరు నుంచి లంబసింగి, అరకు ప్రయాణం

మీరూ మీ మిత్రుడూ డిసెంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టుకుని గుంటూరు నుంచి మారేడుమిల్లి, లంబసింగి, అరకు మూడూ ఒకే చుట్టులో చూసి రావాలనుకుంటున్నారనీ, మీ దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, ఆయన దగ్గర బజాజ్ పల్సర్ 150 ఉన్నాయనీ, ఇద్దరిలో ఎవరూ ఇంతవరకు ఘాట్ రోడ్డు మీద బండి నడపలేదనీ రాశారు. రెండు బళ్లూ తీసుకెళ్లాలా, లేక ఒకే బండి మీద వంతులవారీగా నడుపుకుంటూ వెళ్లాలా, ఏ దారిన ఎక్కి ఏ దారిన దిగాలి అన్నవి మీ ప్రశ్నలు. విజయవాడ నుంచి ఆ కొండలకు చాలా ఏళ్లుగా బండి మీద వెళ్లి వస్తున్నవాడిగా నా సమాధానం ముందే చెప్పేస్తాను. రెండు బళ్లూ తీసుకెళ్లండి; మారేడుమిల్లిని ఈసారికి వదిలేయండి; నాలుగు రోజులను ఆరు చేసుకోండి. ఆరు కుదరకపోతే అరకును కూడా వదులుకుని లంబసింగి చూసి వెనక్కి రండి.

ఒకే బండి అయితే పెట్రోలు ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ 195 కిలోల క్లాసిక్ మీద ఇద్దరు మనుషులు, రెండు బ్యాగులు ఎక్కితే దిగుడు మలుపుల్లో ఆ బరువంతా బ్రేకుల మీద పడుతుంది. కొత్తవాళ్లకు ఆ భారం అలవాటు కావడానికే రెండు రోజులు పడుతుంది, ఈలోగా ఘాట్ అయిపోతుంది. పైగా సిగ్నల్ లేని చోట బండి ఆగిపోతే ఇద్దరూ అక్కడే ఆగిపోతారు. రెండు బళ్లుంటే ఒకరు వెళ్లి మెకానిక్‌నో, వ్యానునో తీసుకురాగలరు.

అయితే ఈ రెండు బళ్ల స్వభావాలు వేరని ఇద్దరూ గుర్తుంచుకోవాలి. క్లాసిక్ 350 ఇంజను సుమారు 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గరే 27 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే తిప్పే బలం, ఇస్తుంది కనుక ఎత్తు మీద కూడా మూడో గేరులో నింపాదిగా లాక్కుపోతుంది. పల్సర్ 150 టార్కు అందులో దాదాపు సగం, అదీ 6,500 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. అందువల్ల మీరు మూడో గేరులో ఎక్కే మలుపును ఆయన రెండో గేరులో, కొన్ని చోట్ల మొదటి గేరులో, ఇంజను కాస్త గట్టిగా మోగుతుండగా ఎక్కవలసి వస్తుంది. బండి అరుస్తోందని భయపడి ఆయన ముందుగానే పై గేరు వేస్తే సరిగ్గా మలుపు మధ్యలో ఇంజను ఆగిపోతుంది. ఏటవాలు మీద, మలుపు తిరిగి ఉన్న హ్యాండిల్‌తో, బరువైన బ్యాగుతో బండి ఆగితే మొదట జరిగేది పక్కకు ఒరిగిపోవడమే. ముందు వెళ్లేవాడి గేరును వెనక వచ్చేవాడు అనుకరించకూడదన్నది అందుకే.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే విషయానికి వస్తాను. కొండల్లో జంట ప్రయాణాలు చెడిపోవడానికి బళ్ల లోపాలు చాలా తక్కువసార్లు కారణమవుతాయి. ఇద్దరి వేగాలు వేరుగా ఉండి, ఆ సంగతి ఒకరికొకరు చెప్పుకోకపోవడమే ఎక్కువసార్లు కారణం. వెనకబడిన మిత్రుడు ముందున్నవాడిని అందుకోవాలని తన చేతకు మించిన వేగంతో మలుపు తిరుగుతాడు. ముందున్నవాడు అద్దంలో అతన్ని వెతుకుతూ తన మలుపును పట్టించుకోడు. కాబట్టి పల్సర్ ఎప్పుడూ ముందుండాలి, క్లాసిక్ వెనక ఉండాలి. ఘాట్ మీద ఇద్దరి వేగం పల్సర్ నడిపే మీ మిత్రుడి వేగమే. ఆయన గంటకు ఇరవై ఐదు కిలోమీటర్లతో వెళ్తే మీరూ ఇరవై ఐదే. వెనక నుంచి హారన్ కొట్టడం, పక్కకు వచ్చి చేత్తో 'పద పద' అనడం, ఆగినప్పుడు నవ్వుతూ ఎత్తిపొడవడం, ఈ మూడూ నిషిద్ధమని బయల్దేరే ముందే ఒప్పుకోండి. బాల్యమిత్రులైతే ఈ మూడోది పాటించడమే కష్టం.

ఇద్దరి మధ్య దూరం కనీసం రెండు సెకన్ల ప్రయాణమంత ఉండాలి. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది కనుక హైవే మీద ముప్పై మీటర్లకు పైనే ఖాళీ వదలాలి. పక్కపక్కన మాట్లాడుకుంటూ వెళ్లడం మన జీటీ రోడ్డు మీదే తప్పు, కొండ మీద మరీ తప్పు. దారి చీలే ప్రతిచోటా ముందున్నవాడు ఆగి, వెనకవాడి హెడ్‌లైటు కనిపించిన తరువాతే కదలాలి. ఒకవేళ తప్పిపోతే ఇద్దరూ కలిసి చివరగా ఆగిన జంక్షనుకే తిరిగి రావాలి. ఫోను పలికే చోటు వెతుక్కుంటూ చెరోవైపు తిరగకూడదు. అలసిపోయానని ఎవరు ముందు అంటే వారి మాటే చెల్లాలి.

ఘాట్ అనుభవం లేదన్నారు కనుక బయల్దేరే ముందు ఒక ఆదివారం కోటప్పకొండ ఘాట్ రోడ్డు మీద ఎక్కి దిగి చూసుకోండి. చిన్నదే అయినా గేర్లు, బ్రేకులు, మలుపులో చూపు ఎక్కడుండాలి అన్నవి అక్కడే అర్థమవుతాయి. వీలైతే మరో వారం దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లి రండి. నల్లమలలో పులుల అభయారణ్యం కనుక ఆ దారిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు వాహనాలను వదలరు. ఆ నిబంధనే మిమ్మల్ని పగటి ప్రయాణానికి అలవాటు చేస్తుంది. బ్యాగులు కట్టుకుని వెళ్లి చూస్తేనే ఏ తాడు జారుతుందో, ఏ బ్యాగు సైలెన్సరుకు తగులుతుందో తెలుస్తుంది.

దారి విషయానికి వస్తే, చాలామంది రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా 516ఈ జాతీయ రహదారిలోనే కొయ్యూరు, చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు వరకు వెళ్లాలనుకుంటారు. పటంలో అందంగానే ఉంటుంది. కానీ కొత్తవాళ్లు మైదానంలో నూట ఎనభై కిలోమీటర్లు నడిపి అలసిపోయిన చేతులతో మధ్యాహ్నం అడవిలోకి ప్రవేశించి, చీకటి పడేలోగా మకాం చేరాలనే ఆత్రుతతో మలుపులు తిరగడం నాకు నచ్చదు. డిసెంబరులో ఆ ప్రాంతంలో సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు, కొండ నీడలో అంతకంటే ముందే చీకటి కమ్ముతుంది. అందుకే మొదటి రోజంతా మైదానానికి, కొండ ఎక్కడం రెండో రోజు ఉదయానికి కేటాయించండి.

మొదటి రోజు గుంటూరులో ఉదయం ఐదింటికి బయల్దేరితే ఆరులోగా వారధి దాటి, బెంజి సర్కిల్ రద్దీ మొదలుకాక ముందే విజయవాడ బయట పడతారు. ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర పాత దారి తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం వైపు పోతుంది. మీరు దేవరపల్లి, కొవ్వూరు మీదుగా వెళ్లే కొత్త నాలుగు వరుసల దారి పట్టండి, దూరమూ తగ్గుతుంది, ఊళ్ల మధ్య రద్దీ కూడా తప్పుతుంది. అయితే అంత నునుపైన రోడ్డు మీద నిద్ర తూగుతుంది, కాబట్టి అరవై, డెబ్బై కిలోమీటర్లకు ఒకసారి తప్పనిసరిగా దిగి నడవండి. అన్నవరం దారిలోనే ఉంది; విస్తరాకులో పెట్టిచ్చే గోధుమరవ్వ ప్రసాదం తిని ఓ అరగంట కూర్చుంటే సరిపోతుంది. తుని దగ్గర హైవే వదిలి నర్సీపట్నం చేరి, ఆ రాత్రి అక్కడే ఉండండి. గుంటూరు నుంచి మొత్తం సుమారు 320 కిలోమీటర్లు. జాతీయ రహదారి మీద ద్విచక్ర వాహనాలకు టోలు లేదు.

రెండో రోజు ఏడున్నర, ఎనిమిదికి, వెలుగు బాగా వచ్చాక, నర్సీపట్నంలో ట్యాంకులు నింపుకుని లంబసింగి ఘాట్ ఎక్కండి. మంచు చూడాలని అర్ధరాత్రి దాటాక చీకట్లో ఘాట్ ఎక్కేవాళ్లు శీతాకాలం వారాంతాల్లో వందల్లో ఉంటారు. విశాఖ నుంచి వచ్చే కార్లు, అలవాటు లేని డ్రైవర్లు, పొగమంచు, అన్నీ ఒకేసారి ఎదురవుతాయి. మంచు మరుసటి ఉదయం కూడా ఉంటుంది. కనుక రెండో రాత్రి లంబసింగిలోనో, చింతపల్లిలోనో ఉండి, మూడో రోజు తెల్లవారుజామున చెరువులవేనం కొండ మీదికి నడిచి వెళ్లండి. గది ముందే మాట్లాడుకోండి, వారాంతం కాకుండా సోమవారం నుంచి గురువారం మధ్య ఈ రోజులు పడేలా చూసుకోండి. రెండో రోజు మధ్యాహ్నం తాజంగి జలాశయం చూసుకోవచ్చు. చరిత్ర మీద ఆసక్తి ఉంటే చింతపల్లి మరొకందుకు కూడా చూడదగింది: అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న మొదట దాడి చేసింది ఆ ఊరి పోలీసు స్టేషను మీదే.

మూడో రోజు మధ్యాహ్నంలోగా పాడేరు చేరితే చాలు, నాలుగో రోజు హుకుంపేట, డుంబ్రిగూడ మీదుగా అరకు. ఇది ఈ యాత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క. ఎత్తుపల్లాలే తప్ప ప్రమాదకరమైన మలుపులు తక్కువ, సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు, వాటి మీదికి పాకిన మిరియాల తీగలు, నవంబరు డిసెంబరుల్లో పసుపు పచ్చని వలిసె పూల చేలు. కానీ సంత జరిగే రోజైతే రోడ్డు అంచులన్నీ మనుషులు, మేకలు, నిలబెట్టిన జీపులు. అక్కడ మన వేగం నడకకు దగ్గరగా ఉండాలి. ఐదో రోజు బొర్రా గుహలు చూసుకుని అనంతగిరి ఘాట్ మీదుగా శృంగవరపుకోటకు దిగి, కొత్తవలస, పెందుర్తి మీదుగా ఆనందపురం–అనకాపల్లి ఆరు వరుసల రహదారి అందుకుంటే విశాఖ నగరంలోకి వెళ్లకుండానే బయట పడతారు. ఆ రాత్రి అనకాపల్లిలోనో, తునిలోనో ఉండి ఆరో రోజు ఇంటికి.

ఇప్పుడు ఘాట్ మీద నడపడం గురించి. తూర్పు కనుమల్లో అత్యున్నత శిఖరం కూడా సుమారు 1,680 మీటర్లే, లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తు. కాబట్టి హిమాలయాల్లోలాగా గాలి పలచనై ఇంజను నీరసించడం, ఊపిరి అందకపోవడం ఇక్కడ సమస్యలు కావు. ఇక్కడి సమస్యలు మలుపులు, తడి, ఎదురుగా వచ్చే బస్సు. మలుపు రాకముందే, బండి నిటారుగా ఉండగానే బ్రేకు వేసి, గేరు తగ్గించి, ఆ తరువాత తిరగాలి; తిరుగుతూ బ్రేకు పట్టకూడదు. చూపు ముందు చక్రం దగ్గర కాకుండా మలుపు చివర ఉండాలి, ఎందుకంటే బండి మన చూపు వెంటే పోతుంది. లోయను చూస్తే లోయ వైపే పోతుంది. ఎప్పుడూ మీ ఎడమ సగంలోనే ఉండండి, హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి తిరిగే మలుపు) దగ్గర బస్సు రెండు వైపులా ఆక్రమించి తిరుగుతుందని ముందే అనుకోండి, కనిపించని ప్రతి మలుపుకు ముందు హారన్ కొట్టండి. ఇరుకు ఏటవాలులో ఎక్కే వాహనానికి దిగేవాళ్లు దారి ఇవ్వాలన్నది మర్యాద మాత్రమే కాదు, నిబంధన కూడా.

దిగేటప్పుడు అసలు పరీక్ష. ఏ గేరులో ఎక్కగలరో ఆ గేరులోనే దిగాలి, యాక్సిలరేటర్ వదిలేసి ఇంజనునే బండిని పట్టుకోనివ్వాలి. పెట్రోలు ఆదా చేద్దామని న్యూట్రల్‌లో వేసి, తాళం తిప్పేసి దిగే అలవాటు మన వైపు కొందరికి ఉంది; ఘాట్ మీద అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఇంజను పట్టు పోగానే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. వెనక డ్రమ్ము బ్రేకు ఉన్న పల్సర్ అయితే లోపలి బ్రేకు షూలు వేడెక్కి పట్టు తగ్గుతుంది. డిస్కు బ్రేకులో ద్రవం మరిగి బుడగలు వస్తే లివరు చేతికి మెత్తగా తగిలి, బండి ఆగదు. డాట్ 4 రకం బ్రేకు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు గానీ, ఏళ్ల తరబడి గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మీ బళ్లలో రెండేళ్లుగా ఆ ద్రవం మార్చకపోతే బయల్దేరే ముందు మార్పించండి. దిగుతూ ఉండగా లివరు మెత్తబడినట్టు అనిపిస్తే వెంటనే రోడ్డు వెడల్పుగా ఉన్న చోట ఆగి, అరగంట చల్లారనివ్వండి. చక్రం మీద నీళ్లు పోయకండి.

ఉదయం పూట మంచుకు తడిసిన రాలిన ఆకులు, హెయిర్‌పిన్‌ల దగ్గర లారీల ట్యాంకుల్లోంచి తొణికిన డీజిలు, ఇవి రెండూ నూనె రాసిన గచ్చులాంటివి. అక్కడ ముందు బ్రేకు ముట్టకుండా, బండిని వంచకుండా దాటాలి. పొగమంచులో హెడ్‌లైటు లోబీమ్‌లోనే ఉంచండి. హైబీమ్ వేస్తే కళ్ల ముందు తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు. రోడ్డు ఎడమ అంచు గీతను పట్టుకుని వెళ్లండి, అదీ కనిపించకపోతే రోడ్డు దిగి ఆగిపోండి, రోడ్డు మీద మాత్రం ఆగకండి.

చలిని గుంటూరువాళ్లం తక్కువ అంచనా వేస్తాం. ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, దానికి బండి వేగానికి తగిలే గాలి తోడవుతుంది. ముందుగా మొద్దుబారేవి వేళ్లు. వేళ్లు మొద్దుబారితే క్లచ్, బ్రేకు మీద అదుపు పోతుంది. మంచి చేతి తొడుగులు, గాలి దూరని జర్కిన్, లోపల ఉన్ని చొక్కా చాలు. జర్కిన్ లేకపోతే చొక్కాకూ స్వెటరుకూ మధ్య ఛాతీ మీద వార్తాపత్రిక మడిచి పెట్టుకునే పాత పద్ధతి ఇప్పటికీ పని చేస్తుంది. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ ఇద్దరికీ ఉందని వేరే చెప్పనక్కర్లేదు అనుకుంటాను.

సామానులో ఒక్క విషయం. మీ క్లాసిక్‌కు స్పోక్ చక్రాలుంటే అందులో ట్యూబులు ఉంటాయి, కాబట్టి వెనక, ముందు చక్రాలకు చెరొక స్పేరు ట్యూబు, టైరు లివర్లు మీ బ్యాగులో ఉండాలి. పల్సర్ ట్యూబ్‌లెస్ టైర్లకు పంక్చరు స్ట్రిప్పుల కిట్టు, చిన్న గాలి పంపు చాలు. క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు రెండు బళ్లకూ తీసుకెళ్లండి, అక్కడ దొరికినా మీ మోడలుకు సరిపోకపోవచ్చు. బయల్దేరడానికి వారం ముందే ఆటోనగర్‌లో చైను, బ్రేకు షూలు, ప్యాడ్లు, టైర్లు చూపించండి. ముందురోజు సర్వీసు చేయించుకుని తెల్లవారి బయల్దేరేవాళ్లకు ఆ సర్వీసులో వదులుగా బిగించిన నట్టు తునిలో ఊడుతుంది. దోమల మందు మరవకండి, ఏజెన్సీలో మలేరియా ఉంది.

మీరు అడగకపోయినా చెప్పాల్సినవి రెండు ఉన్నాయి. మొదటిది, పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో గంజాయి రవాణాను అడ్డుకోవడానికి పోలీసులు, ఎక్సైజ్ సిబ్బంది తనిఖీలు చేస్తారు, బయటి జిల్లాల బళ్ల మీద బ్యాగులు కట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పకుండా ఆపుతారు. నవ్వుతూ బ్యాగు విప్పి చూపించండి, పత్రాలు అందుబాటులో ఉంచుకోండి. ఎవరు ఎంత ప్రాధేయపడినా పార్సిలు తీసుకోకండి, దారిలో అపరిచితులను ఎక్కించుకోకండి; మాదకద్రవ్యాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో బెయిలు దొరకడమే కష్టం. రెండోది జీలుగు కల్లు. రుచి చూడాలనిపిస్తే మకాంలో, బండి తాళాలు లోపల పెట్టేసిన తరువాత, మరునాడు ఉదయం వరకు మళ్లీ నడపాల్సిన పని లేనప్పుడు మాత్రమే.

నవంబరు, డిసెంబరు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. ఉత్తర కోస్తాకు వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే గది డబ్బు పోయినా సరే ప్రయాణం వాయిదా వేయండి, వానకు ఘాట్ల మీద కొండచరియలు విరిగిపడతాయి. పైకి వెళ్లిన తరువాత వాన పట్టుకుంటే పాడేరులోనే ఆగిపోండి. జిల్లా కేంద్రం కనుక గదులు, ప్రభుత్వ ఆసుపత్రి, మెకానిక్కులు ఉన్నాయి, వాన తెరిపి ఇచ్చాక అక్కడి నుంచి చోడవరం వైపు దిగిపోవచ్చు.

మారేడుమిల్లిని వదలమన్నది అది తక్కువదని కాదు. దాన్ని వేరే యాత్రగా పెట్టుకోండి: రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా ఎక్కి, మారేడుమిల్లిలో బొంగు చికెన్ తిని ఒక రాత్రి ఉండి, మరునాడు పగటిపూట చింతూరు ఘాట్ దిగి, భద్రాచలం దర్శనం చేసుకుని, కొత్తగూడెం, తిరువూరు మీదుగా 30వ నంబరు జాతీయ రహదారిలో ఇబ్రహీంపట్నం దగ్గర విజయవాడ చేరవచ్చు. అది మూడు రోజుల చుట్టు, దానికి మీరు ఇప్పుడు అనుకున్న నాలుగు రోజులు బాగా సరిపోతాయి. ఆరు రోజుల సెలవు దొరకదని తేలితే లంబసింగి కంటే ముందు దీన్నే పూర్తి చేయడం కూడా మంచి ఆలోచనే.